వరసగా పది

"భోజనాల బల్లకి నాలుగు కుర్చీలుండాలి. మూడే కనిపిస్తే ఇంట్లో ఒకళ్ళు తగ్గినట్టుంటుంది," అన్నారు అత్తగారు, ఆ వారంలో ఆరోసారి.

"ఎవరూ తగ్గలేదు అత్తయ్యా. కుర్చీ ముందుగదిలో ఉంది. మీ అబ్బాయి ఆ కుర్చీలో ఉన్నారు," అంది ఆమె పళ్ళేలు సర్దుతూ.

"సోఫా ఉండగా ఆ చెక్కకుర్చీ ఎందుకంటాను? సోఫా ఉన్నది ఉతికిన బట్టలు కూర్చోడానికా?"

"మెత్తటిదాంట్లో కూర్చుంటే వేలు ఆలస్యమవుతుందట."

"వాడు కూర్చునేది వేలితోనా?"

గోడ అవతల ఇనుము మీద ఇనుము పడ్డట్టు ఖంగుమంది. వెంటనే ఇంకోటి. మూడోది వినిపించాల్సిన చోట దబ్బుమని చప్పుడై, ఏదో నీరసపు సంగీతం మొదలైంది.

"నాన్న చచ్చిపోయాడు," అంది కూతురు కాలేజీ పుస్తకంలోంచి తలెత్తకుండా.

"ఛీ, నోరు! అవేం మాటలే?"

"ఆటలో నానమ్మా."

"ఏ ఆటలోనైనా సరే. ఓడిపోయాడు అనలేవూ?"

"ఓడిపోయాడంటే నాన్నకి కోపం. చచ్చిపోయాడన్నా పర్లేదంటాడు."

ఆమెకి నవ్వు రాబోయి మధ్యలో ఆగిపోయింది. ఈమధ్య ఆ ఇంట్లో నవ్వులన్నీ అలా సగంలోనే దిగబడిపోతున్నాయి.

అతను ఓడరేవులో క్రేన్ నడుపుతాడు. నడుపుతాడు అనాలో నడిపేవాడు అనాలో అయిదు నెలలుగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియడం లేదు. పదమూడంతస్తుల ఎత్తున ఒక అద్దాల గది. కాళ్ళ కింద కూడా అద్దమే. రెండు చేతులకీ రెండు మీటలు. మోకాళ్ళ మధ్యనుంచి కిందికి చూస్తూ, లారీ అంతేసి పెట్టెల్ని ఓడలోంచి లేపి, కింద నిలబడ్డ మనుషుల పక్కనే పసిపిల్లని పడుకోబెట్టినట్టు దించాలి. ఇరవై రెండేళ్ళు అదే పని. మెడలో నరం నలిగి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మొద్దుబారడంతో కంపెనీ డాక్టరు తను సంతకం పెట్టేదాకా పైకెక్కొద్దన్నాడు.

వీడియో ఆటలు మాత్రం పెళ్ళికి ముందునుంచే ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో ఆమె వాటిని సిగరెట్ల లాంటి అలవాటు అనుకుంది. వయసు పైబడితే పోతుందిలే అని వదిలేసింది. అలవాటు పోలేదు. పైగా కూతురికీ అంటుకుంది. ఇప్పుడు ఆడుతున్న కత్తియుద్ధాల ఆటలో ఒక కోట గుమ్మం దగ్గర కాపలా ఉండే ముసలావిడ ఉంది. తెల్లటి జుట్టు, చేతిలో తనకంటే పొడవైన ఇనపకర్ర. ఆవిడకి ఆటవాళ్ళు పెట్టిన పేరు నోరు తిరగక, ఇంట్లో అందరూ కర్రావిడ అంటారు. కుడిచెయ్యి బాగున్న రోజుల్లో కర్రావిడని అతను ఒక్క దెబ్బ తినకుండా గెలిచేవాడు. కూతురి స్నేహితురాళ్ళు అది చూడ్డానికి పనిగట్టుకుని వచ్చేవారు.

ఆ ఆట కొత్తలో ఒకసారి టీ ఇవ్వడానికి వెళ్ళి, ఆమె ఉండబట్టలేక అడిగింది. "ఊరికే దెబ్బలు తినే బదులు పక్కకి దూకచ్చుగా?"

"దూకితే బతుకుతాం. పొద్దస్తమానం దూకుతూ కూచోవచ్చు. ఆవిడకేం కాదు. దెబ్బ తగలబోయే క్షణంలో కత్తి అడ్డం పెట్టామనుకో, ఆవిడ ఊపు ఆవిడకే తిరిగి తగులుతుంది. తూలుతుంది. అలా తిప్పికొట్టిన కొద్దీ ఆవిడ కాళ్ళు వణుకుతాయి. కాస్త ముందు నొక్కినా దెబ్బ నాకే, కాస్త వెనక నొక్కినా నాకే."

"కాస్త అంటే?"

"సెకనుని పది ముక్కలు చేస్తే ఒక ముక్క."

"అబ్బో!"

"అందుకే కర్ర వైపు చూడకూడదు. భుజం చూడాలి. ఆవిడకి ఏడు రకాల దెబ్బలున్నాయి. ఆరు ఎవరైనా నేర్చుకుంటారు. ఏడోదానికి భుజం ఎత్తుతుంది, కానీ కొట్టదు. అలాగే ఆగుతుంది. మన వేలు ఆగలేక నొక్కేస్తుంది. అప్పుడు కొడుతుంది. ఆవిడ చంపేది కర్రతో కాదోయ్, మన తొందరతో."

"అచ్చం మా అత్తగారే," అంది ఆమె గొంతు తగ్గించి.

అతను టీ పొలమారేలా నవ్వాడు. తర్వాత కప్పు పక్కన పెట్టి, క్రేన్ మీద కూడా ఇంతేనన్నాడు. తాళ్ళకి వేలాడే పెట్టె ఊగుతుంది. ఊపుకి ఎదురు లాగితే ఇంకా రేగుతుంది. అది అటు చివరికి వెళ్ళే క్షణంలో మనమూ దాంతోపాటు అటే జరిగితే, ఊపు చచ్చి కుదురుగా నిలబడిపోతుంది. "ఆ క్షణాన్ని చూసి చేద్దామంటే అప్పటికే దాటిపోతుంది," అన్నాడు. ఇరవయ్యేళ్ళ కాపురంలో అతని పని ఏమిటో ఆమెకి మొదటిసారి అర్థమైంది ఆ రోజే, అదీ ఒక ఆట చూస్తూ.

ఇప్పుడు ఆ చెక్కకుర్చీలో కూర్చుని రోజంతా అదే కర్రావిడతో కొట్టించుకుంటున్నాడు. రెండు మోతలు, మూడు మోతలు, దబ్బు. వంటింట్లో ఉన్నా ఆమె చెవులు అటే. మూడు దాటి నాలుగో మోత వినిపిస్తే చేతిలో గరిటె ఆగేది.

ఒక సాయంత్రం ఆమె పనినుంచి వచ్చేసరికి టీవీ కట్టేసి ఉంది. అతను అదే కుర్చీలో కూర్చుని, కుడి బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంటున్నాడు, ఎవరో అప్పజెప్పి వెళ్ళిన వస్తువుని చూసినట్టు. భోజనానికి రాలేదు. మూడు రోజులు గడ్డం గీసుకోలేదు. "ఏరా, ఒంట్లో బాలేదా?" అని తల్లి అడిగితే, "బానే ఉంది" అని గోడకి చెప్పాడు.

ఆటలో సహాయం అనే పేజీ ఒకటుందని కూతురు ఎప్పుడో మాటల్లో చెప్పింది. దెబ్బని తిప్పికొట్టే వ్యవధిని అక్కడ కొంచెం పెంచుకోవచ్చట. "నాన్న ఆ పేజీ గడప తొక్కడు. తొక్కితే పరువు పోతుందట," అని నవ్వింది కూడా.

గురువారం ఆమెకి సెలవు. అతను చేతి వ్యాయామానికి వెళ్ళాడు. అత్తగారు కునుకు తీస్తున్నారు. ఆమె ఆట మీటల్ని వేడిగిన్నె పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, తప్పు పేజీలన్నీ తిరిగి, చివరికి దొరకబుచ్చుకుంది. ఒక సన్నటి గీత. దాని మీద ఒక చుక్క. ఎడమ చివర 'మామూలు' అని ఉంది. కూరలో ఉప్పు సరిచేసినట్టు చుక్కని ఒక్క పిసరు కుడికి జరిపింది. మీటల్ని అతను పెట్టిన వంకరలోనే తిరిగి పెట్టి వచ్చేసింది. తప్పు చేస్తున్నానని అనిపించలేదు. జ్వరపడ్డ మనిషికి దిండు ఎత్తు చేస్తే ఎవరైనా తప్పంటారా?

ఆ సాయంత్రం నాలుగు మోతలు. మర్నాడు అయిదు. వారం తిరిగేసరికి ఏడు. అతను గడ్డం గీసుకున్నాడు. ఎన్నాళ్ళనుంచో కిర్రుమంటున్న స్నానాలగది తలుపుకి నూనె వేశాడు. తల్లిని, "ఏమిటే అమ్మా, ఈ వారం కుర్చీ గురించి పోట్లాడటం లేదు, ఒంట్లో బాలేదా?" అని తనే కవ్వించాడు. చెవులు అటే వేసి కూరలు తరుగుతూ ఆమె తనలో తను మురిసిపోయింది.

రెండో వారంలో ఈల వచ్చాడు. క్రేన్ కింద నిలబడి, పెట్టె ఎటు దించాలో పైవాడికి చెప్పేది అతనే. చెవికి రేడియో తగిలించి ఏళ్ళయినా రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వెయ్యడం మానలేదు. అందుకే ఆ పేరు.

"నువ్వు లేక నాకు ఆకాశం మీద నమ్మకం పోయింది బావా," అన్నాడు సోఫాలో బట్టల పక్కన ఇరుక్కుని. "నువ్వు పైనుంటే పెట్టె నెత్తిమీదకి వస్తున్నా వీపు తిప్పుకుని కబుర్లు చెప్పేవాణ్ణి. ఇప్పుడొచ్చినవాడు లివర్ పట్టుకుంటే తల ఎక్కడ దాచుకోవాలో తెలీటంలేదు. చెల్లెమ్మా, వీణ్ణి తొందరగా పంపించెయ్. లేకపోతే నేనొచ్చి మీ ఇంట్లో కూచుంటా."

"మా ఇంట్లో కుర్చీలు తక్కువ నాయనా," అన్నారు అత్తగారు.

అందరూ నవ్వారు. అతను నవ్వుతూనే తన కుడిచేతిని మూసి, తెరిచి, మూశాడు.

శుక్రవారం సాయంత్రం అందరూ తినడానికి కూర్చున్నాక, తన పళ్ళెం తీసుకుని ముందుగదిలోకి వెళ్ళకుండా బల్ల దగ్గరే నిలబడిపోయాడు.

"పది," అన్నాడు.

"ఏం పది?" అన్నారు అత్తగారు.

"కర్రావిడ. వరసగా పది తిప్పికొట్టాను. సోమవారం డ్యూటీకి వెళ్తున్నా."

"డాక్టరు సంతకం?" అంది ఆమె.

"రేపు పెడతాడు. ఆయనదేముంది, పిడికిలి బిగించమంటాడు, వదలమంటాడు. అదీ ఒక పరీక్షేనా? తలుపు గొళ్ళెం పెట్టడానికి సరిపోతుంది. కింద మనుషులున్నప్పుడు ఆ పరీక్ష చాలదు. అందుకే దిగిన రోజునే నా పరీక్ష నేను పెట్టుకున్నా. కర్రావిడని వరసగా పది తిప్పికొడితేనే పైకెక్కాలి. తొమ్మిదైనా ఎక్కకూడదు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారని."

కూతురు కుర్చీ వెనక్కి తోసి తండ్రి మెడ కౌగిలించుకుంది. "ఏడోరకం దెబ్బ కూడానా నాన్నా?"

"అది కూడా."

"కుర్చీ ఇప్పుడైనా తెస్తావా?" అన్నారు అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

"సోమవారం తెస్తానమ్మా."

ఆమె చేతిలో నీళ్ళ చెంబు చల్లగా ఉంది. ఆ చల్లదనం మోచేతిదాకా పాకింది. నోరు తెరిచి ఒక్క మాట అంటే అయిపోయేది. కూతురు ఇంకా తండ్రి మెడని వదల్లేదు. అతని మొహంలో అయిదు నెలల కిందటి మనిషి కనిపిస్తున్నాడు. ఆమె వంగి అందరి గ్లాసుల్లోనూ నీళ్ళు పోసింది.

శనివారం కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమె దగ్గరికి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. చూపు బాగుందని కాగితం కావాలి. పదకొండేళ్ళుగా ఆమె పని అదే, కళ్ళు పరీక్షించడం, అద్దాల నంబరు రాయడం. డ్రైవరు గోడమీద అక్షరాల బోర్డుని అడిగిన వెంటనే కిందిదాకా గడగడా చదివేశాడు. చదవడంలో తడబాటు లేదు. మంచి చూపున్నవాళ్ళు కూడా ఆ చివరి వరసలో కాస్త ఆగుతారు. ఆమె లేచి బోర్డుని వెనక్కి తిప్పింది. అటువైపు వేరే అక్షరాలుంటాయి. అతను మళ్ళీ పాత అక్షరాలే చదివాడు.

"అన్నా, బోర్డు మారింది," అంది ఆమె మెల్లిగా.

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ముప్పయ్యేళ్ళ సర్వీసమ్మా. ఆ రోడ్డు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. కళ్ళతో నడుపుతానా ఏం?"

"మీకు తెలుసన్నా. రోడ్డు దాటేవాళ్ళకి తెలీదు కదా."

అలవాటుగా అనేసింది. ఎంతమందితో అందో ఆ మాట. అతను టోపీ చేతిలో నలుపుకుంటూ మెట్లు దిగి వెళ్ళాక, ఆ మాట వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. సాయంత్రందాకా ఎన్ని జతల కళ్ళు చూసినా అది లేచి వెళ్ళలేదు.

ఆదివారం పొద్దున్న అతను రొట్టె తేవడానికి వెళ్ళాడు. ఆమె ముందుగదిలోకి వచ్చి టీవీ పెట్టింది. మనసులో పిరికి లెక్క ఒకటి వేసుకుంది. చుక్కని ఎక్కడనుంచి జరిపిందో అక్కడికే జరిపేస్తుంది. వచ్చాక అతను ఆడతాడు. చెయ్యి చెప్పాల్సింది చెయ్యే చెబుతుంది. తను నోరు విప్పక్కర్లేదు.

సహాయం పేజీ తెరిచింది. గీత ఉంది. చుక్క ఎడమ చివర ఉంది, 'మామూలు' దగ్గర. తప్పు పేజీకి వచ్చానేమోనని వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. అక్కడే ఉంది.

"నేనే జరిపాను," అన్నాడు అతను గుమ్మంలోంచి. చంకలో రొట్టె పొట్లం. "పొద్దున్నే."

ఆమె మీటలు పట్టుకుని అలాగే కూర్చుంది.

"పిల్ల చేసిందనుకున్నా ముందు. అది చెయ్యదు. దానికి ఆ ఆటంటే మర్యాద," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆమెకి ఇంకా బాధేసింది.

"మీరు తిండి మానేశారు. గడ్డం గీసుకోవడం మానేశారు. నేను... ఆటే కదా అనుకున్నాను. పరీక్ష అని నాకేం తెలుసు?"

"చెప్పలేదుగా. నీకెలా తెలుస్తుంది?"

"ఎప్పుడు తెలిసింది మీకు?"

అతను రొట్టెని సోఫాలో బట్టల మీద పెట్టి పక్కనే కూలబడ్డాడు. "మంగళవారం. ఎప్పుడూ నా వేలు ముందు కదిలేది, మోత వెనకొచ్చేది. ఆ రోజు కర్ర వచ్చేసింది, ఇక చచ్చాననుకున్నాక వేలు కదిలింది. అయినా ఖంగుమంది. ఆలస్యంగా వెళ్ళినవాడికి కూడా తలుపు తీస్తున్నారేమిటా అనుకున్నా."

"మంగళవారమా? మరి శుక్రవారం..."

"శుక్రవారం పది కొట్టింది తెలిసే కొట్టాను."

తెరమీద ఆ గీత, ఆ చుక్క, కదలకుండా ఉన్నాయి.

"ఆ పేజీ తెరిచి చూస్తే తెలిసిపోతుంది. తెరవకుండా నాలుగు రోజులు తిరిగాను," అన్నాడు. "మీ అందరి మొహాలూ చూసి, నాకు నేనే నచ్చచెప్పుకున్నా. నిన్న డాక్టరు సంతకం కూడా పెట్టేశాడు. బయటికొస్తుంటే ఈల ఫోన్ చేశాడు. సోమవారం నుంచి హెల్మెట్ ఇంట్లో పెట్టి వస్తా బావా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను అక్కడే మెట్లమీద కూచుండిపోయాను."

ఆమె లేచి కుర్చీ ఖాళీ చేసింది. అతను వచ్చి అందులో కూర్చున్నాడు.

"నువ్వు లెక్కపెట్టు," అన్నాడు. "నేను లెక్కపెడితే అబద్ధం వస్తుంది."

కర్రావిడ గుమ్మంలోంచి దిగింది. తెల్లజుట్టు, వంగిన వీపు, తొందర లేని నడక. ఆమె భర్త పక్కన నిలబడి, కర్ర చూడకుండా భుజం చూసింది.

"ఒకటి," అంది. "రెండు. మూడు." దబ్బు.

"మళ్ళీ."

"ఒకటి. రెండు. మూడు. నాలుగు." దబ్బు.

"మళ్ళీ," అన్నాడు. బొటనవేలిని చొక్కాకి తుడుచుకున్నాడు. వీపు నిటారుగా పెట్టాడు. ఎన్నిసార్లయిందో ఆమెకి గుర్తులేదు. ఒకసారి ఆరు దాకా వచ్చింది. ఏడు కూడా ఖంగుమంది. కర్రావిడ భుజం ఎత్తి ఆగింది. అతను తొందరపడలేదు. ఆగాడు. ఆవిడతో సమానంగా, ఊపిరి బిగబట్టి, ఆగవలసినంతా ఆగాడు. అతని తలలో ఆ క్షణం సరిగ్గానే వచ్చిందని, అతని గడ్డం కింద నరం కదలడం చూసి ఆమెకి తెలిసింది. వేలు మాత్రం కాస్త తర్వాత వచ్చింది.

నీరసపు సంగీతం మొదలైంది.

"ఎంత?" అన్నాడు తెరవైపే చూస్తూ.

ఎనిమిది అంటే ఏమవుతుంది? ఎనిమిదైనా పది కాదు. అయినా ఆ ఒక్క అంకె ఇవ్వాలని ఆమె ప్రాణం కొట్టుకుంది.

"ఏడు," అంది.

"ఏడేనా?"

"ఏడే అండీ."

అతను తల ఊపాడు. మీటల్ని రెండు చేతులతో, జాగ్రత్తగా, టీవీ కింద అరలో పెట్టాడు. ఆమె ఏదో అనబోయింది. అతను ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, ఒకసారి నొక్కి వదిలాడు. ఆ పట్టు బలంగానే ఉంది. కుడిచెయ్యి ఒడిలో ఉండిపోయింది.

లోపల అత్తగారు లేచిన అలికిడి. కూతురు ఆవలిస్తూ వచ్చి, "రొట్టె బట్టలమీద పెట్టిందెవరు?" అంది. ఆమె వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది. నాలుగు కప్పులు తీసింది.

బల్ల దగ్గర ముగ్గురూ కూర్చోబోతుంటే అతను ముందుగదిలోంచి కుర్చీ ఎత్తుకొచ్చాడు. దాని నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలకి ఆనేలా దించాడు. చప్పుడు కూడా కాలేదు.

"సోమవారం అన్నావు, ఒకరోజు ముందే వచ్చేసిందే!" అన్నారు అత్తగారు సంబరంగా. "ఇప్పుడు చూడు, బల్ల నిండుగా ఎంత బావుందో."

అతను కూర్చున్నాడు. రొట్టెముక్క అందుకుని తల్లి పళ్ళెంలో పెట్టాడు, ఇంకోటి కూతురి పళ్ళెంలో. ఉప్పు ఇటివ్వమన్నంత మామూలుగా మాట్లాడాడు.

"రేపు ఆఫీసుకెళ్ళి రాసిచ్చేస్తాను. అయిదు నెలలు చూశాను, ఇక పైకెక్కను. కింద ఏ పనుంటే అది చేస్తాను."

కూతురు తండ్రిని చూసింది, తర్వాత తల్లిని చూసింది. అత్తగారి చేతిలో ముక్క నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ఈలకి మాత్రం నేను చెప్పుకుంటాను," అన్నాడు అతను. "మీరెవరూ చెప్పకండి."